ఇంజన్‌కి ఏ రోగమూ లేదు

ఇస్ఫహాన్ నుంచి,
కొత్త సంవత్సరం పండగకి వారం ముందు.

అమ్మకు,

నీ గుల్నార్ వేయి సలాములతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నాన్నా, బతూల్ అత్తా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమనీ, అమ్మమ్మకి విరిగిన తుంటికన్నా ముందు నోరు కోలుకుందనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. "ఈ ఆష్ జావలో ఉప్పేదే, ఖాన్సార్‌లో ఉప్పుకి కరువొచ్చిందా?" అని మంచంలోంచే నిన్ను సాధిస్తోందంటే ఇక ఆవిడ గురించి బెంగ అక్కర్లేదు. నీ గురించే నా బెంగ. మంచు కరిగే రోజుల్లో ఆ కొండగాలికి నీ మోకాళ్ళు పట్టేస్తాయి. ఉన్ని మేజోళ్ళు వేసుకుంటున్నావా, లేక అవి కూడా అమ్మమ్మకే తొడిగావా?

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. పండగ పళ్ళెంలోకి గోధుమలు నానబోశాను, మొలకలు వేలెడు ఎత్తు వచ్చాయి. ఎండ ఒకవైపే తగిలి వంగిపోతాయని అత్త రోజూ పళ్ళెం తిప్పుతోంది. నేను చూడనప్పుడు మళ్ళీ తిప్పుతోంది. తివాచీలు ఉతికి మేడ మీద ఆరేశాం. పరదాలు దించాం, కిటికీలు కడిగాం, అలమరాల్లో బూజులు దులిపాం. నాన్న షుగరు మాత్రలు నేనే చేతిలో పెట్టి మింగిస్తున్నాను. అయినా టీ తాగేటప్పుడు చక్కెర బిళ్ళ బుగ్గన పెట్టుకోవడం మానలేదు. పట్టుకుంటే "ఇది చక్కెర కాదు తల్లీ, అలవాటు" అంటాడు. ఏం చెయ్యమంటావు?

ఇక రెండు ప్రశ్నలు మిగిలాయి. టాక్సీ ఇంజన్ బాగైందా, నాన్న నిన్ను తీసుకురావడానికి వస్తాడా అని ఒకటి. నా ఉత్తరాల కింద ఎప్పుడూ రెండు ముక్కలు రాసే మనిషి ఈమధ్య ఎందుకు రాయడం లేదు, నీమీద కోపమొచ్చిందా అని రెండోది. నీమీద ఆయనకి కోపమేంటమ్మా! మొదటిదానికి జవాబు చెబితే రెండోదానికీ అందులోనే దొరుకుతుంది. కాస్త ఓపికగా చదువు.

నువ్వు వెళ్ళిన కొత్తలోనే నాన్న బండి తియ్యడం మానేశాడని నీకు రాశాను కదా. అడిగినప్పుడల్లా ఒకటే మాట. "ఇంజన్ దగ్గుతోంది తల్లీ. ఎక్కినవాళ్ళని దింపి తోయించమంటావా?" నాకేమో ఏ దగ్గూ వినపడలేదు. అయినా ఇన్నేళ్ళు టాక్సీ తోలిన చెవులు ఆయనవి, నేనేం మాట్లాడగలను? నీకు మాటిచ్చాడు కదా, పండగ లోపల ఎలాగైనా బాగుచేయించి వస్తాడులే అనుకున్నాను. పెళ్ళయిన రోజు నిన్ను ఖాన్సార్ నుంచి తన బండిలో తెచ్చుకున్నవాడు, ఆ తర్వాత ఒక్కసారి కూడా నిన్ను పుట్టింటి నుంచి బస్సులో రానివ్వలేదు. ఈసారి మాత్రం రానిస్తాడా?

రోజులు గడుస్తున్నా మెకానిక్ దగ్గరికి వెళ్ళలేదు. దాంతో పోయిన శుక్రవారం నేనే పట్టుబట్టాను. "ఇల్లంతా దులిపాం, బానెట్ కింద అన్నేళ్ళ జిడ్డు ఎందుకుండాలి? నేనే కడుగుతాను. ఆ మట్టికే దగ్గుతోందేమో" అన్నాను.

"వద్దులే, పండగయ్యాక చూద్దాం" అని తప్పించుకోబోయాడు.

అత్త ఊరుకుంటుందా? చీపురు పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. "ఒరే యదుల్లా, పండగ దులుపంటే ఇల్లంతా దులపాలి. నీ బండికేమన్నా కొమ్ములున్నాయా? పిల్ల చేస్తానంటే వద్దంటావేంరా?"

అక్క మాటకి ఎదురు చెప్పే ధైర్యం ఆయనకెప్పుడుంది! మెట్టు మీద పీట వేయించుకుని కూర్చుని, టీ గ్లాసు పట్టుకుని, నాకు పాఠం మొదలుపెట్టాడు. నువ్వు చూస్తే నవ్వుకునేదానివి. నాకు బండి నేర్పినప్పుడు కూడా అంత గంభీరంగా మాట్లాడలేదు.

"ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి చూడు. చల్లగా ఉందా? వెచ్చగా ఉంటే ముట్టుకోకు. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే పగులుతుంది."

"నెల్లాళ్ళుగా కదలని బండి నాన్నా, మంచుగడ్డలా ఉంది."

"వేళాకోళం తర్వాత. ముందు బ్యాటరీ నల్ల తీగ విప్పు. ఎర్రది ముట్టుకోకు, నల్లదే ముందు. బిగించేటప్పుడు అదే ఆఖర్న."

తర్వాత నీళ్ళు తగలకూడని వాటికి ముసుగులు వెయ్యమన్నాడు. గాలి పీల్చే డబ్బాకి, దాని కింద కార్బురేటర్‌కి, ప్లగ్గులకి నిప్పు పంచే గుండ్రటి బుడిపెకి, డైనమోకి, బ్యాటరీకి. నువ్వు తలుపు వెనక దాచుకున్న ప్లాస్టిక్ సంచులన్నీ అయిపోయాయి, తిట్టుకోకు. ఒక్కోదానికి సంచి తొడిగి దారంతో కట్టాను. నాన్న లేచివచ్చి ఒక్కో ముడినీ వేళ్ళతో తడిమి చూశాడు. డైనమో ముడి వదులుగా ఉందని మళ్ళీ కట్టించాడు. ఆ తడమడం చూసి, పనంటే ఎంత శ్రద్ధో అనుకున్నాను కానీ, నాకింకేమీ తోచలేదమ్మా.

జిడ్డు నీళ్ళు పూలపాదుల్లోకి పోకుండా బండి కింద అట్టలు పరిచి, రంపపు పొట్టు చల్లాను. ఎండుటాకులు ఏరేశాను. పొడి బ్రష్షుతో దుమ్మంతా దులిపాను. గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెల సబ్బు కలుపుకొని, పాత తివాచీ బ్రష్షుతో తోమడం మొదలుపెట్టాను. "కొంచెం కొంచెం వెయ్యి. ఇస్ఫహాన్ పిల్లవి కాదూ, నురగ కూడా లెక్కగా వాడాలి" అన్నాడు. బ్యాటరీ తీగల చివర పేరుకున్న తెల్లటి పొక్కుని తినేసోడా నీళ్ళతో పొంగించి, పాత పళ్ళ బ్రష్షుతో రాల్చాను. కడగడానికి గొట్టం పట్టుకోబోతే ఒప్పుకోలేదు. పూలకుండీలకి నీళ్ళు చల్లే డబ్బాతోనే, అదీ పైపైన చల్లమన్నాడు.

"పెట్రోలూ, కిరసనాయిలూ మాత్రం దగ్గరికి రానివ్వకు. మా స్టాండులో ఒకాయన పెట్రోలుతో ఇంజన్ కడిగి, ఆరకముందే తాళం తిప్పాడు. కనుబొమలు ఇప్పటికీ మొలవలేదు పాపం."

నవ్వేశాను. కానీ ఇంజన్ కింది అంచున ఒకచోట నూనె గట్టిపడి తారులా అంటుకుపోయింది. సబ్బుకి లొంగదు, గోరుకి రాదు. నీ కూతురి మొండితనం నీకు తెలుసుగా. హీటరు పక్కనున్న డబ్బాలోంచి చిన్న గిన్నెడు కిరసనాయిలు వంచుకొచ్చి, బ్రష్షు ముంచి, చప్పుడు కాకుండా రుద్దుతున్నాను.

"కిరసనాయిలు వాసనేంటే?"

"అత్త హీటర్‌లో పోస్తోంది నాన్నా." ఆ అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

సరిగ్గా అప్పుడే అత్త వంటింట్లోంచి బయటికొచ్చింది. చేతిలో ఇత్తడి కుంపటి, దాన్నిండా ఎర్రటి నిప్పులు. గుప్పెడు ఇస్పంద్ గింజలు వాటి మీద చల్లింది. చిటపటలు, పొగ. "కడిగిన బండికి దిష్టి తగలకుండా ముందే తిప్పేస్తాను. ఊరి దిష్టి, వాడ దిష్టి, చూసిన కళ్ళు, చూడని కళ్ళు, ఏడ్చే కళ్ళు పేలిపోవాలి!" అంటూ బండివైపు వస్తోంది.

చిటపటలు విని తలెత్తాను. నా చేతిలో కిరసనాయిలు గిన్నె. అరిస్తే అబద్ధం బయటపడుతుంది. నాన్నవైపు చూశాను. అత్త సరిగ్గా ఆయన ముందునుంచే వెళుతోంది, మిట్టమధ్యాహ్నం ఎండలో. ఆయన తిన్నగా అటే చూస్తూ తాపీగా టీ తాగుతున్నాడు. కిరసనాయిలు వాసన పట్టినవాడు, నిప్పునీ చూస్తున్నాడు కదా, ప్రమాదమైతే ఆయనే ఆపుతాడులే అనుకున్నాను. ఆ ఒక్క క్షణం నోరు మూసుకున్నాను.

గాలి తిరిగి పొగ ఆయన ముక్కుకి తగిలింది. గ్లాసు కిందపడింది. "నిప్పా? ఎక్కడ? ఎక్కడే నిప్పు?" అని కేకవేస్తూ లేచాడు. ఎక్కడ అంటాడేంటి? కుంపటి ఆయన చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది! బండి దగ్గరికి పరిగెత్తబోయి, దారిలో ఉన్న బకెట్‌ని తన్నుకుని మోకాళ్ళ మీద పడ్డాడు.

"ఆగత్తా! కిరసనాయిలు!" అని అప్పుడు అరిచాను.

అత్త హడలిపోయి, కుంపటిని అలాగే పెరటి నీళ్ళతొట్టిలోకి విసిరేసింది. సుయ్యిమని పెద్ద మోత. తొట్టిలో నల్లటి బొగ్గులు, మధ్యలో చేపలు.

"మీ తండ్రీకూతుళ్ళ బండి పాడుగానూ! అది మా అత్తగారి కుంపటి! కిరసనాయిలు పోసుకుని కూర్చున్నామని ముందే చెప్పి ఏడవచ్చు కదే?" అని నన్ను పట్టుకుని వాయించేసింది. నాన్న నేలమీదే కూర్చుని నవ్వడం మొదలెట్టాడు. "అక్కా, చేపలక్కూడా దిష్టి తీసేశావు. ఇక వాటికి ఏ భయమూ లేదు." ఆవిడకీ నవ్వొచ్చింది. నాకు మాత్రం రాలేదు. మోకాలికి కట్టు కడుతూ బకెట్‌వైపే చూస్తున్నాను. నువ్వు కొన్న ఎర్ర బకెట్టమ్మా. తెల్లటి రాళ్ళ పెరట్లో, నడిమధ్యన, ఎండలో ఉంది. పసిపిల్లకైనా కనిపిస్తుంది.

కిరసనాయిలు సంగతి ఒప్పుకున్నాను. తిట్టలేదు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఇప్పుడు ఆ చోటంతా సబ్బునీళ్ళతో మళ్ళీ తోము. వాసన పూర్తిగా పోయేదాకా బానెట్ మూయకు" అన్నాడు, అంతే. అలాగే చేశాను. పొడిబట్టలతో సందుసందూ తుడిచి, సాయంత్రపు అసర్ నమాజు వేళ దాకా ఎండకీ గాలికీ వదిలేశాం. ఆ తర్వాత సంచులన్నీ విప్పాను. నిప్పు పంచే ఆ బుడిపె మూత తీసి లోపల చెమ్మలేకుండా తుడవమన్నాడు, తుడిచాను. నల్ల తీగ బిగించాను. నాన్న సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

ఒక్క తిప్పుకే అందుకుంది. తడికి బెల్టు ఒకసారి కీచుమంది, అంతే. దగ్గు లేదు, నెమ్ము లేదు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి "కొత్త బండి కొన్నారా యదుల్లా గారూ?" అంది. నేను గంతులు వేశాను. "నాన్నా, చూశావా, బాగైపోయింది! రేపే అమ్మ దగ్గరికి వెళ్ళిపోదాం!"

ఆయన ఇంజన్ ఆపేశాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. అత్త నమాజుకి లోపలికి వెళ్ళాక పక్క సీటు తలుపు తీశాడు.

"ఇటొచ్చి కూర్చో గుల్నార్. ఇంజన్‌కి ఏ రోగమూ లేదు తల్లీ. ముందు కూడా లేదు. రోగం నా కళ్ళకి."

అమ్మా, అందరం క్షేమం అని మొదట్లో రాశాను. ఆ మాట చివరిదాకా నిలబెట్టలేకపోయాను, క్షమించు.

ఏడాదిగా మసకగా ఉందట. సాయంత్రం దీపాలు పత్తిపువ్వుల్లా కనిపించేవట. అద్దాలు మార్చాలిలే అనుకుంటూ వచ్చాడు. నువ్వు వెళ్ళిన వారమే చార్‌బాగ్ మలుపులో ఒక ముసలావిడ రోడ్డు దాటుతోంటే ఈయనకి కనపడలేదు. ఆవిడ తలమీంచి ఒళ్ళంతా కప్పుకున్న చాదర్ అంచు బానెట్‌కి రాసుకున్నాక తెలిసింది. దెబ్బ తగల్లేదు, ఆవిడ "నీ పిల్లలు చల్లగుండాలి, చూసి తోలు నాయనా" అని వెళ్ళిపోయింది. "తిట్టినా బాగుండేదే. దీవించి పోయింది" అని నాన్న ఏడ్చాడమ్మా. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజే ఇంటికొచ్చి, ఇంజన్ దగ్గుతోందని చెప్పి, తాళాలు మేకుకి తగిలించాడు.

నీకు రాసే ఉత్తరాల కింద రెండు ముక్కలు ఎందుకు రాయలేదో ఇప్పుడు అర్థమైందా? నేను రాసి ఇస్తే కాగితం చేత్తో నిమిరి, "అంతా రాసేశావుగా, ఇక నేనేం రాయను" అని తిరిగి ఇచ్చేసేవాడు. కోపమనుకున్నావు నువ్వు.

మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. షుగరు వల్లేనట. పోయిన చూపుని తెచ్చివ్వలేనన్నాడు. ఉన్నదాన్ని మాత్రం నిలబెట్టొచ్చట, లేజరు చెయ్యాలట, ఆలస్యం చెయ్యొద్దన్నాడు. పండగ కాగానే రమ్మన్నాడు. మనిషి ఆకారం తెలుస్తుంది, వెలుతురు తెలుస్తుంది, దగ్గరికొస్తే మొహం కూడా కొంచెం తెలుస్తుంది. దూరంగా ఉంటే ఎవరో ఆనవాలు పట్టలేడు. అమ్మమ్మ ఒక్కర్తీ ఉన్నప్పుడు నువ్వు పరిగెత్తుకు రాకుండా, ఇవన్నీ నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఇప్పుడు తెంచుకుంటున్నాను. ఊరికే తెంచుకోవడం లేదు. కారణం ఉంది.

బుధవారం మేం బయలుదేరుతున్నాం. బండి నేను తోలతాను. భయపడకు, నాలుగు రోజులుగా పొద్దున్నే నజఫాబాద్ దాకా తోలి వస్తున్నాను. నాన్న పక్కన కూర్చుని ఇంజన్ మోత విని "గేరు మార్చు, పాపం దానికి ఆయాసం" అంటాడు. నవ్వుతున్నాడు కూడా. నేను ఇంకేమీ అనకపోతే బాగుండేది. "ఖాన్సార్‌లో అందరూ ఆశ్చర్యపోతారు" అన్నాను, నా నోరు ఊరుకోదుగా. ఆయన నవ్వు ఆగిపోయింది. నెమ్మదిగా అన్నాడు.

"ఊరి మొదట వాగు వంతెన దగ్గర ఆపు. అక్కణ్ణుంచి సీట్లు మారదాం. ఆ చివరి సందు నేను తోలతాను."

"నాన్నా..."

"ఆ సందులోకి నేనెప్పుడూ పక్క సీట్లో రాలేదే. మీ అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటుంది. ఒక్క సందేగా. నాకు కంఠతా వచ్చు."

ఆ సందు నీకు తెలియనిదా? ఒకవైపు వాగు కాలువ, రెండోవైపు గుమ్మాలు, పండగ సెలవులకి వీధి నిండా పిల్లలు. కాదని ఎలా చెప్పనమ్మా? ఎర్ర బకెట్ గురించి ఆయనకి గుర్తుచేసే నోరు నాకు లేదు. తాళాలు ఇవ్వనని అనగలను, అంటాను కూడా, తప్పదంటే. కానీ నీ పుట్టింటి ముంగిట్లో కూతురు తాళాలు లాక్కుందన్న మాట ఆయన బతికున్నన్నాళ్ళూ మరిచిపోడు.

అందుకే నీకు రాస్తున్నాను. ఫోనులో చెప్పే మాట కాదిది, నువ్వు ఫోను మాట్లాడే ఆ కొట్టు దగ్గర నీ వెనక నలుగురు చెవులొగ్గి నిలబడతారు. ఖాన్సార్ బస్సు తోలే హాషిం బాబాయి చేతికి ఇస్తున్నాను, నీ చేతికే ఇస్తానన్నాడు.

బుధవారం మధ్యాహ్నం నమాజు కాగానే నువ్వు ఇంట్లో ఉండకు. గుమ్మంలోనూ నిలబడకు. వంతెన దగ్గరికి వచ్చి నిలబడు. ఎవరన్నా అడిగితే ఆత్రం ఆగలేదని చెప్పు, నవ్వుకుంటే నవ్వుకోనీ. నువ్వు అక్కడే కనిపిస్తే సీట్లు మారే పనే ఉండదు. నువ్వు వెనక సీట్లో ఎక్కుతావు, ఆయన నీకోసం వెనక్కి వచ్చి నీ పక్కన కూర్చుంటాడు. పెళ్ళాం పక్కన కూర్చుని అత్తవారి సందులోకి వచ్చిన అల్లుణ్ణి చూసి ఎవరేమంటారు? ఏమన్నా అంటే "కూతురు తోలుతుంటే మేం దర్జాగా కూర్చున్నాం" అని నువ్వే అనెయ్యి. అనడంలో నీ తర్వాతే ఎవరైనా.

కళ్ళ సంగతి నీకు తెలుసని ఆయనకి చెప్పకు. ఆయనే చెబుతాడు, చెప్పనీ. తిరుగు దారిలో చెబుతాడేమో. అప్పుడు మొదటిసారి విన్నట్టే విను.

మేం బయలుదేరేటప్పుడు, క్షేమంగా తిరిగి రావాలని బండి వెనకాల నీళ్ళు పొయ్యడానికి అత్త ఇప్పటినుంచే గిన్నె తోమిపెట్టింది. "నీళ్ళు దారి మీద పొయ్యత్తా, ఇంజన్ మీద పొయ్యకు" అంటే చెంపమీద ఒక్కటిచ్చింది. కుంపటి నీళ్ళపాలైన కోపం ఇంకా తీరలేదు.

ఒక్క మాటమ్మా, అన్నిటికన్నా ముఖ్యమైంది. బండి ఆగగానే నాన్న తలుపు తీసుకుని దిగుతాడు. వంతెన మీద నలుగురు ఆడవాళ్ళుంటారు, అందరివీ నల్ల చాదర్లే. వాళ్ళలో నువ్వెవరో ఆయనకి తెలియదు. తెలిసినట్టు నటించి తప్పు మనిషి వైపు నడుస్తాడేమోనని ఆయన భయం, నాతో అనలేదు కానీ నాకు తెలుసు. నువ్వు ఆయన చూపు కోసం ఎదురుచూస్తూ నిలబడిపోకు. ఎప్పటిలా సిగ్గుపడకు. ఎంతమంది ఉన్నా సరే, ఆయన కాలు నేలమీద పెట్టకముందే నువ్వు పేరు పెట్టి పిలువు. నీ గొంతు వినిపిస్తే చాలు, ఆయన తిన్నగా నీ దగ్గరికే నడుస్తాడు.

ఇట్లు,
ఈసారి నిన్ను ఇంటికి తెచ్చుకోబోయే నీ కూతురు
గుల్నార్